తండ్రి వైపు నుంచి ముగిసింది

ఒక తండ్రి తన తొమ్మిదేళ్ల కూతురితో వారానికి నలభై నిమిషాలు మాట్లాడుకునే హక్కును దూర సందర్శనల కేంద్రం రద్దు చేసింది. పదకొండు శనివారాలు అతనే సంభాషణను మధ్యలో ముగించి వెళ్లిపోయాడని కేంద్రం రికార్డులో ఉంది. అతను ఒక్కసారి కూడా ముగించలేదు.

అతను కుట్టుమిషన్ల మెకానిక్. బట్టల దుకాణాల వెనక సందులో, ఒక మూడంతస్తుల ఇంటి మెట్ల కింద అతని గది ఉంది. అందులో ఒక బల్ల, బల్లకు బిగించిన పట్టుకారు, మూతలేని డబ్బాల్లో సైజులవారీగా మరలు, గోడకు వేలాడే బెల్టులు, ఎప్పుడూ వదలని మిషన్ నూనె వాసన ఉంటాయి. అదే అతని కొట్టు, అదే ఇల్లు. ఇరవై ఆరేళ్లుగా ఆ వీధి దర్జీలందరికీ అతను మెకానిక్ బాబాయే. అసలు పేరు రేషన్ కాగితాల్లో మాత్రమే కనిపిస్తుంది.

మిషన్ వస్తే అతను ముందు చూడడు, వింటాడు. తొక్కమని చెప్పి, తల వంచి, కళ్లు మూసుకుంటాడు.

“డాక్టరు కూడా నా గుండె ఇంతసేపు వినలేదు బాబాయ్,” అని ఒక జాకెట్ల దర్జీ ఎగతాళి చేసింది.

“డాక్టరు తప్పు చెప్తే మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తావు. నేను తప్పు చెప్తే పక్క వీధికి పోతావు,” అన్నాడు.

విన్న తరువాత అడిగే ప్రశ్న ఒక్కటే: “దారం తెగడం మొదలవకముందు ఏం మార్చావు?” సూది మార్చాననో, కొత్త బాబిన్ వేశాననో, బల్లను కిటికీ దగ్గరికి జరిపాననో ఏదో ఒకటి చెబుతారు. నూటికి తొంభై లోపాలు ఆ జవాబులోనే దొరుకుతాయని అతని అనుభవం. అతనికి ఇంకొక అలవాటు కూడా ఉంది. దారం తెగుతోందని తెచ్చిన మిషన్‌కు పిడి వదులుగా ఉంటే, అడగకపోయినా బిగించి పంపుతాడు. విరిగిన వస్తువును విరిగినట్టే తిరిగి ఇవ్వడం అతనికి చేతకాదు. ఈ మంచి అలవాటే ఈ కథలో అతని కొంప ముంచింది.

అతనూ భార్యా మూడేళ్ల కిందట విడిపోయారు. ఎందుకన్నది ఇక్కడ అప్రస్తుతం. ఒకరి మీద ఒకరు ఒక్క ఫిర్యాదు కూడా రాసుకోలేదన్నది మాత్రం ప్రస్తుతం. ఆమెకు పగలంతా ప్రయాణం చేస్తే గానీ చేరుకోలేని మరో నగరంలో ఉద్యోగం వచ్చింది. పిల్ల తల్లితో వెళ్లింది. ఊళ్లు వేరైన తల్లిదండ్రులందరికీ వర్తించే పద్ధతి ప్రకారం, శనివారం సాయంత్రం నాలుగింటి నుంచి నాలుగూ నలభై దాకా వీడియోలో కలుసుకోవచ్చునని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అమలు, సమీక్ష, అవసరమైతే రద్దు కూడా దూర సందర్శనల కేంద్రం చేతిలోనే ఉంటాయి. కేంద్రమిచ్చే ల్యాప్‌టాప్‌లోనే మాట్లాడాలి. కేంద్రంలో నమోదైన వైఫైనే వాడాలి. కేంద్రం మనిషి వచ్చి ఫోటో తీసుకుని ఆమోదించిన గదిలోనే కూర్చోవాలి. ఒకసారి ముగిసిన సందర్శన ఆ వారానికి ముగిసినట్టే. మళ్లీ కలపడం ఉండదు.

కేంద్రమిచ్చిన ల్యాప్‌టాప్ మూత ఎడమ కీలు దగ్గర విరిగి ఉంది. వెనక ప్లాస్టిక్కు అడ్డంగా పగిలి, తెర నిలబడకుండా వెనక్కి వాలిపోతోంది. సంతకం పెట్టాల్సిన ఫారంలో “పరికరం మంచి స్థితిలో అందినది” అని అచ్చయి ఉంది.

“ఇది విరిగుంది కదండీ,” అన్నాడు మెకానిక్.

“పనిచేస్తుంది కదా. అది ప్రింటైన ఫారమండీ, మార్చడానికి లేదు,” అన్నాడు గుమాస్తా. “కింద ఏడో షరతు కూడా చూసుకోండి. తిరిగిచ్చేటప్పుడు మంచి స్థితిలోనే ఇవ్వాలి.”

అతను సంతకం పెట్టాడు. మొదటి రెండు శనివారాలు తెర వెనక ఇస్త్రీపెట్టె ఆనించి కూర్చున్నాడు. రెండుసార్లూ నలభై నిమిషాలు పూర్తిగా మాట్లాడుకున్నారు. పిల్ల ఊడిన పన్ను చూపించింది, బడిలో నేర్చిన లెక్క చేసి చూపించింది, చివరి పది నిమిషాలు తన కొత్త చెప్పుల గురించి చెప్పింది. ఈ రెండు సందర్శనల రికార్డు కూడా కేంద్రం దగ్గరే ఉంది. దాన్ని తరువాత ఎవరూ తెరిచి చూడలేదు.

మూడో వారం మధ్యలో మెకానిక్ ఆ మూతను బాగుచేశాడు. పాత మిషన్ అడుగుపలక నుంచి పలచని ఉక్కురేకు కోసి, అంచులు ఆకురాయితో అరగదీసి, మూత వెనక భాగమంతా కప్పేలా అమర్చి, అంచుల వెంట ఆరు రివిట్లు కొట్టాడు. పైన నల్లరంగు వేశాడు. తెర నిటారుగా నిలబడింది.

రెండో అంతస్తులో అద్దెకుండే అక్క దిగివచ్చి చూసింది. ఆమె చీరల అంచులు కుడుతుంది, మాట మాత్రం కత్తిరిస్తుంది. “ఇంత బాగా చేసిస్తే ఆఫీసులో ఉన్న విరిగినవన్నీ తెచ్చి నీ నెత్తిన పెడతార్రా,” అంది.

“పెట్టనీ అక్కా. పిల్ల ముఖం వాలిపోకుండా కనిపిస్తే చాలు.”

ఆ శనివారం ఏడో నిమిషంలో పిల్ల ముఖం నోరు తెరిచి ఉండగానే ఆగిపోయింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది: సందర్శన ముగిసినది.

మరుసటి ఉదయం నుంచి అతను లోపం వెతకడం మొదలుపెట్టాడు. ఆ ఇంటి వైఫై రూటర్ మొదటి అంతస్తు నడవలో, గోడకు ఎత్తుగా, ఇనుప జాలీ పెట్టెలో ఉంటుంది. తాళం ఇంటి ఓనరమ్మ దగ్గర ఉంటుంది. ఇంట్లో అందరూ దాన్నే వాడుకుంటారు. అక్క ఫోను తెచ్చి తన బల్ల మీద పెట్టి చూశాడు. నాలుగు సిగ్నల్ గీతలకు నాలుగూ ఉన్నాయి. అదే బల్ల మీద ల్యాప్‌టాప్‌లో ఒకటి వస్తోంది, పోతోంది. కాబట్టి లోపం ఇంటర్నెట్టులో లేదు, రూటర్‌లో లేదు, గోడల్లో లేదు. ఇంతవరకు అతని తర్కంలో ఏ న్యాయస్థానమూ తప్పుపట్టజాలదు.

దర్జీల సుద్దముక్క తీసుకుని గది నేలంతా గళ్లు గీశాడు. ఒక్కో గడిలో ల్యాప్‌టాప్ పెట్టి, ఎన్ని గీతలు వస్తే అన్ని సుద్దతో రాశాడు. సున్నా, ఒకటి, సున్నా, సున్నా, ఒకటి. తలుపు దగ్గర, తెరను సగం మూసి పక్కకు తిప్పితే రెండు వచ్చాయి. తెరను అంతగా మూస్తే పిల్లకు కనిపించేది అతని బొడ్డు మాత్రమే. పైగా ఆమోదించిన ఫోటోలో బల్ల కిటికీ పక్కన ఉంది. తలుపు దగ్గర కూర్చోవడం షరతు ఉల్లంఘన.

నాలుగో శనివారం పదో నిమిషంలో ఆగింది. అయిదోది మూడో నిమిషంలో.

వీధి చివర ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆ కొట్టతన్ని అందరూ సిగ్నల్ బావ అంటారు. అతను వచ్చి, నమోదైన వైఫైని ల్యాప్‌టాప్ చేత మరిపించి మళ్లీ గుర్తుపట్టించాడు. ఓనరమ్మను బతిమాలి రూటర్ పెట్టె తెరిపించి, గోడలు దాటి వచ్చే రకం సిగ్నలుకి మార్చాడు. కరెంటు ఆదా కోసం ల్యాప్‌టాప్ తనంతట తానే వైఫైని నిద్రపుచ్చుతోందేమోనని అనుమానించి ఆ సెట్టింగులోకి వెళ్లబోయాడు. పాస్‌వర్డు అడిగింది. పాస్‌వర్డు కేంద్రం దగ్గరుంది.

“విప్పి చూద్దామంటే అడుగున సీలు వేశారు బావా. చింపితే కేసు పెడతారట,” అన్నాడు సిగ్నల్ బావ.

“కీలు దగ్గర లోపల తీగ నలిగిందేమో. మూత కదిపితే గీతలు మారుతున్నాయి.”

“అదే అనుకుంటున్నా. నీ మిషన్లే నయం, తిట్టినా పడుంటాయి. ఇది తిట్టకముందే అలుగుతుంది.”

సిగ్నల్ బావకు ఆ పనిలో పద్నాలుగేళ్ల అనుభవం ఉంది. ల్యాప్‌టాప్‌లో వైఫైని అందుకునే తీగలు తెర చుట్టూ, మూత లోపలే ఉంటాయని అతనికి తెలుసు. మూత మీద ఉక్కురేకు వేస్తే ఆ తీగలకు గోడ కట్టినట్టేనని కూడా తెలుసు. కానీ ఆ మూత అతని కంటికి కంపెనీ మూతలాగే కనబడింది. రివిట్లు అంత వరసగా, రంగు అంత నునుపుగా ఉన్నాయి. మెకానిక్ పనితనమే లోపాన్ని దాచేసింది. దర్జీలందరినీ ఇరవై ఆరేళ్లుగా అడిగిన ప్రశ్నను మెకానిక్ తనను తాను అడగలేదు. బాగుచేయడాన్ని అతను మార్పు కింద ఎన్నడూ లెక్కగట్టలేదు.

ఇక కేంద్రం చేసినదేమిటో చూద్దాం. కేంద్రానికి ఫిర్యాదు చేయాలంటే ఆ ల్యాప్‌టాప్‌లోని ఫారంలోనే చేయాలి. ఆ ఫారం తెరుచుకోవాలంటే వైఫై కావాలి. మెకానిక్ ప్రతిసారీ ల్యాప్‌టాప్‌ను మొదటి అంతస్తు నడవలోకి మోసుకుపోయి, రూటర్ పెట్టె కింద స్టూలు వేసుకుని, ఒడిలో పెట్టుకుని ఒక్కో అక్షరమే వెతికి నొక్కుతూ రాశాడు. అలా ఏడు ఫిర్యాదులు వెళ్లాయి. ఏడింటికీ ఒకే జవాబు వచ్చింది: మీ ఇంటర్నెట్ సంస్థను సంప్రదించగలరు. రెండో ఫిర్యాదులోనే అతను ఇలా రాశాడు: “ఫోనులో బాగా వస్తున్నది. ఈ కంప్యూటరులోనే రావడం లేదు. దయచేసి మనిషిని పంపి చూడగలరు.” కేంద్రం నిబంధనల్లో తొమ్మిదవది, లోపం ఫిర్యాదు అందిన పదిరోజుల్లో సందర్శన స్థలంలోనే పరికరాన్ని తనిఖీ చేయాలని చెబుతుంది. చేయవచ్చునని కాదు, చేయాలని. ఎవరూ రాలేదు.

అతనే ఒకరోజు కొట్టు మూసి, ల్యాప్‌టాప్‌ను దుప్పటిలో చుట్టి కేంద్రానికి తీసుకుపోయాడు. గుమాస్తా దాన్ని తన బల్ల మీద పెట్టాడు. రూటర్ ఆ బల్లకు చేతికందే ఎత్తులో ఉంది. అయిదు నిమిషాలు నడిచింది. “లోపం లేదు” అని రాసి ముద్ర వేశాడు.

“నడవలో వాడుకుంటానండీ. అక్కడైతే వస్తుంది,” అన్నాడు మెకానిక్.

“స్థలం మార్పుకి దరఖాస్తు పెట్టుకోండి. ఆరువారాలు పడుతుంది.”

పెట్టుకున్నాడు. ఆరువారాలు గడిచాయి. పెట్టిన తొమ్మిదో వారంలో ఆ దరఖాస్తు ఎవరి దగ్గరుందని అడిగితే, దాని మీద నిర్ణయం తీసుకునే అధికారి బదిలీ అయ్యారని చెప్పారు.

ఈలోపు శనివారాలు ఆగలేదు. తొమ్మిదోసారి మాట తెగిన శనివారం నాడు అక్క గుమ్మంలో నిలబడి వింది. ఆమె చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

“నాన్నా, కనిపిస్తున్నానా?”

“కనిపిస్తున్నావురా పిచ్చుకా. జుట్టు కత్తిరించారా?”

“పోయిన వారమే చెప్పబోయా. నువ్వు వెళ్లిపోయావు.”

“నేను వెళ్లలేదమ్మా. ఈ డబ్బా ఆగిపోయింది.”

“నాకిక్కడ నాన్న వెళ్లిపోయాడు అని వస్తుంది.” పిల్ల కాసేపు గోరు కొరుక్కుంది. “నీకు పనుంటే చెప్పు నాన్నా. నేనే పెట్టేస్తా. అప్పుడు నాకు ఏం అనిపించదు.”

అతను జవాబు చెప్పాడు. ఎంత దూరం వెళ్లిందో తెలియదు. పిల్ల ముఖం అప్పటికే కదలడం మానేసింది. నాలుగూ ఆరు. అతను తెర ముందు నుంచి లేవలేదు. నాలుగూ నలభై అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు. కేంద్రం ఇచ్చిన సమయం అదే కదా, ఆ సమయంలో తాను ఇంకెక్కడో ఉన్నానని ఎవరూ అనకూడదని అక్కతో అన్నాడట.

పిల్ల అబద్ధమాడలేదు. కేంద్రం సాఫ్ట్‌వేర్ ఒక సందర్శనను మూడు రకాలుగా మాత్రమే ముగించగలదు: సమయం పూర్తయినది, తల్లి వైపు నుంచి ముగిసినది, తండ్రి వైపు నుంచి ముగిసినది. లంకె తెగినది అనే నాలుగో గడి దాన్ని తయారుచేసినవాళ్లు పెట్టలేదు, కొన్నవాళ్లు అడగలేదు. తండ్రి ల్యాప్‌టాప్‌లో వైఫై పోతే తండ్రి వెళ్లిపోయినట్టే. పిల్ల తెర మీద వచ్చే వాక్యమూ, అధికారి చేతికందే నివేదికా ఒకే చోటినుంచి పుడతాయి.

నాలుగో నెలలో సమీక్ష పెట్టారు. మెకానిక్ ఉతికిన చొక్కా వేసుకుని, ఏడు ఫిర్యాదుల ముద్రిత ప్రతులు సంచిలో పెట్టుకుని వెళ్లాడు. అధికారి మర్యాదగా మాట్లాడాడు. మర్యాదలో ఏ లోటూ లేదు.

“పదకొండుసార్లు మీరే ఎందుకు ముగించారు?”

“నేను ముగించలేదండి. వైఫై పోయింది.”

“తండ్రి వైపు నుంచి ముగిసినది అని ఉందిక్కడ.”

“అది మిషన్ రాసుకున్నదండి. నేను కాదు.”

“మిషన్ ఎందుకు అబద్ధం రాస్తుంది?”

ముప్పై ఏళ్ల మిషన్లయినా, కొత్తవయినా, అవి తప్పుగా కుట్టిన వేల గజాల బట్ట చూసినవాడు అతను. ఆ ప్రశ్నకు జవాబు ఆ గదిలో అతనికొక్కడికే తెలుసు. సంచిలోంచి కాగితాలు తీశాడు. “లోపం లేదని మా వాళ్లు ధృవీకరించారు కదా,” అని అధికారి వాటిని తాకకుండానే పక్కకు జరిపాడు. తరువాత పిల్ల వాంగ్మూలం చదివి వినిపించాడు. కేంద్రం సలహాదారు అడిగితే పిల్ల ఇలా చెప్పింది: “నాన్నకి పనులుంటాయి. మధ్యలో వెళ్లిపోతాడు. ఇంక వద్దులెండి.”

ఉత్తర్వు ఒక పేజీ. తండ్రి పదేపదే సంభాషణను తెంచడం బాలిక మనసుకు హానికరమైనందున సందర్శనలు రద్దు. బాలికకు పద్నాలుగేళ్లు నిండిన తరువాత ఆమె కోరితే పునఃపరిశీలన. అప్పీలుకు ముప్పై రోజులు. పరికరం వాపసుకు నలభై అయిదు రోజులు.

అప్పీలు ఎలా రాయాలో అతనికి తెలియదు. ఉచిత న్యాయసహాయం వరసలో అతని వంతు నలభైయొకటో రోజుకు వచ్చింది. ఈలోగా, ముప్పై నాలుగో రోజున, ల్యాప్‌టాప్ తిరిగి ఇవ్వడానికి ఏమేం కావాలని కేంద్రానికి ఫోను చేశాడు. అదనంగా అమర్చినవేవైనా ఉంటే తీసేసి, ఇచ్చినప్పటిలాగే ఇవ్వాలన్నారు.

పగలు పదకొండింటికి మూతను బల్ల మీద బోర్లించి, ఆరు రివిట్ల తలలూ డ్రిల్లుతో తొలిచి రేకు ఊడదీశాడు. అప్పుడు సిగ్నల్ బావ అక్కడే ఉన్నాడు. మంచి స్థితిలో ఉందని చూపించాలి కాబట్టి మెకానిక్ ల్యాప్‌టాప్ తెరిచాడు. వాలిపోయే తెరకు చెయ్యి అడ్డుపెట్టి పట్టుకున్నాడు. మూలన నాలుగు గీతలు వచ్చాయి. ఇద్దరూ చూశారు. మెకానిక్ రేకు తీసుకుని మూత వెనక ఆనించాడు. గీతలు ఒకటికి పడిపోయాయి. తీశాడు, నాలుగు. ఆనించాడు, ఒకటి.

“అది నువ్వు వేసిందా,” అన్నాడు సిగ్నల్ బావ నెమ్మదిగా. “కంపెనీదనుకున్నా బావా.”

మెకానిక్ ఆ రేకును ఇంకో నాలుగుసార్లు ఆనించి తీశాడు. సిగ్నల్ బావ అతని చేతిలోంచి దాన్ని లాక్కోవలసి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే అతను కేంద్రానికి వెళ్లి, జరిగినదంతా తన చేతిరాతతో రాసిచ్చాడు. రేకు నేనే వేశాను. విరిగిన మూత నిలబడాలని వేశాను. దానివల్ల వైఫై పోయిందని ఈరోజే తెలిసింది. నేను నా కూతురిని వదిలి వెళ్లలేదు. ఆమెకు ఈ మాట చెప్పండి. అంతే రాశాడు. ఇది అతన్ని ముంచుతుందని ఏ వకీలైనా చెప్పి ఆపేవాడు. అక్కడ వకీలు లేడు.

కేంద్రం ఆ కాగితాన్ని రెండు విధాలుగా వాడుకుంది. మొదటిది, ఏడో షరతు ఉల్లంఘించి పరికరాన్ని మార్చినందుకు నోటీసు. రెండోది, ఉత్తర్వును తిరగదోడమన్న అభ్యర్థనకు రెండు వాక్యాల తిరస్కారం: గడువు మీరినది, లోపానికి తండ్రే కారకుడని స్వయంగా అంగీకరించాడు. ఆ కాగితంలోని చివరి రెండు వాక్యాలు పిల్ల దాకా వెళ్లలేదు. అతను ఆమెకు నేరుగా రాయడానికి రద్దు ఉత్తర్వు ఒప్పుకోదు.

అది జరిగి ఇప్పటికి ఏడు నెలలు. దర్జీలు మిషన్లు తెస్తూనే ఉన్నారు. అతను వింటూనే ఉన్నాడు. కానీ ఏం మార్చావని ఎవరినీ అడగడం లేదు. మిషన్ ఏ లోపంతో వస్తే ఆ లోపం మాత్రమే సరిచేసి ఇస్తున్నాడు. మొన్న జాకెట్ల దర్జీ మిషన్ పిడి వదులుగానే తిరిగి వెళ్లింది. “బాబాయ్, ఇదెందుకు బిగించలేదు?” అని ఆమె అడిగితే, “నువ్వు చెప్పలేదమ్మా,” అన్నాడు.

దూర సందర్శనల కేంద్రం సంచాలకుడికీ, సమీక్ష జరిపిన అధికారికీ చెప్పవలసినది ఇది. రేకు అతనిదే. ఆ వాస్తవాన్ని దాచడం లేదు, తగ్గించడం లేదు. కానీ విరిగిన మూతతో ఇచ్చింది మీరు. విరగలేదని అతని చేత సంతకం పెట్టించింది మీరు. తొమ్మిదో నిబంధన ప్రకారం మీ మనిషి ఒక్కడు ఆ గదికి వచ్చి ఉంటే, మూత వెనక చెయ్యి పెట్టి చూస్తే, అయిదో వారానికే విషయం తేలేది. లంకె తెగడాన్ని మనిషి వెళ్లిపోవడంగా రాసే యంత్రాన్ని కొన్నదీ మీరే, దాని రాతను సాక్ష్యంగా అంగీకరించిందీ మీరే. పొరబాటుకూ పరిత్యాగానికీ తేడా తెలియని నమోదు మీద ఒక పిల్లకు తండ్రిని తీసేయడం ఏ చట్టంలోనూ న్యాయనిర్ణయం అనిపించుకోదు.

అందుచేత ఆ పదకొండు నమోదులను కొట్టివేసి, లంకె తెగినదని రాయండి. రద్దు ఉత్తర్వును మీ అంతట మీరే వెనక్కి తీసుకోండి. ఆ అధికారం మీ నిబంధనల్లో ఉంది, గడువు అతనికే గానీ మీకు లేదు. ఆ తరువాత ఆ పిల్ల ఇంటికి మీ మనిషిని పంపి, ఆమె ఎదురుగా కూర్చోబెట్టి, మీ నాన్న ఒక్క శనివారం కూడా వెళ్లిపోలేదని, తెర మీద వచ్చినది మేము రాసిన అబద్ధమని అతని నోటితోనే చెప్పించండి.